బ్లాక్ హోల్‌లో పడేవాడికి ఏం కనిపిస్తుంది? చార్టులో ఏది రాయాలి?

పాలమూరు_ప్రాక్టికల్స్:

మహబూబ్‌నగర్‌లో ఇంటర్ పిల్లల సైన్స్ ఎగ్జిబిషన్‌కు చార్టు తయారవుతోంది. బ్లాక్ హోల్‌లోకి పడిపోయే మనిషికి చుట్టూ ఏం కనిపిస్తుందన్నది అంశం. రెండు వీడియోలు చూస్తే రెండు మాటలు. హొరైజన్ (దాటితే కాంతి కూడా వెనక్కి రాలేని హద్దు) దాటే క్షణంలో విశ్వం భవిష్యత్తంతా కళ్లముందు గిర్రున తిరిగిపోతుందని ఒకటి. చుట్టూ చీకటి కమ్మి, ఆకాశం నెత్తిమీద చిన్న చుక్కై మిగులుతుందని ఇంకొకటి. ఏది చార్టెక్కించాలి? మనిషి ఎక్కడ తెగిపోతాడో కూడా లెక్కతో కావాలి. "చాలా బలంగా లాగుతుంది" అని రాస్తే పిల్లలు ఊరుకోరు.

నల్లగొండ_లెక్కలు:

ముందు ఏ బ్లాక్ హోలో తేల్చుకోండి, జవాబు దాన్నిబట్టే ఉంటుంది. హొరైజన్ వ్యాసార్థం ఒక్కో సూర్యుడి బరువుకు 2.95 కిలోమీటర్లు. పది సూర్యుళ్ల బ్లాక్ హోల్ అయితే సుమారు 30 కి.మీ. నల్లగొండ మీద కేంద్రం పెట్టి వృత్తం గీస్తే నార్కట్‌పల్లి, నకిరేకల్ లోపల పడతాయి, మిర్యాలగూడ బయట ఉంటుంది. (కేంద్రం నుంచి టేపు పట్టి కొలిచే దూరం కాదిది, చుట్టుకొలతను రెండు పైతో భాగిస్తే వచ్చే సంఖ్య. చార్టులో అడుగున చిన్నగా రాయండి, ఎవరో ఒకరు అడుగుతారు.)

మనిషిని చీల్చేది లాగే బలం కాదు, తలకూ కాళ్లకూ మధ్య ఆ బలంలో ఉండే తేడా. 1.7 మీటర్ల మనిషి కాళ్లు ముందుగా పడుతున్నాడనుకుంటే, పది సూర్యుళ్ల హొరైజన్ దగ్గర ఆ తేడా భూమి గురుత్వానికి సుమారు 1.8 కోట్ల రెట్లు. అక్కడిదాకా చేరనే చేరడు. కేంద్రం ఇంకా 3,600 కి.మీ. ఉండగానే తేడా 10 రెట్లకు వస్తుంది, కీళ్లు ఊడడం అక్కడే మొదలు.

మన గెలాక్సీ నడుమ ఉన్న సజిటేరియస్ ఏ-స్టార్ సంగతి వేరు. సుమారు 43 లక్షల సూర్యుళ్లు, వ్యాసార్థం 1.27 కోట్ల కి.మీ. హొరైజన్ దగ్గర తేడా భూమి గురుత్వంలో పదివేలవ వంతు. దాటినట్టు ఒంటికి తెలియదు. అక్కడి నుంచి సింగ్యులారిటీకి, అంటే పడేదంతా చివరికి చేరి అంతమయ్యే నడిమి చోటుకు, సుమారు 28 సెకన్లు. రాకెట్ ఎటు మండించినా 67 సెకన్లు మించదు. తేడా 10 రెట్లకు చేరాక మిగిలేది 0.09 సెకను. ఈ 0.09 బ్లాక్ హోల్ బరువు మీద ఆధారపడదు. పది సూర్యుళ్లదైనా ఇంతే, 43 లక్షలదైనా ఇంతే. చార్టులో పెద్దక్షరాలతో రాయదగ్గది ఇదొక్కటే అంటాను.

ఇవన్నీ తిరగని బ్లాక్ హోల్‌కు, చాలా దూరం నుంచి తోపు లేకుండా పడేవాడికి. చుట్టూ మండే వాయువు సంగతి వదిలేశాను.

సాగర్_ఎడమకాల్వ:

గా రెండు వీడియోలదీ ఒక్కటే తప్పు. పడేటోనికి ఏం కనిపిస్తదని అడిగి, హొరైజన్ పక్కన వేలాడేటోనికి కనిపించేది చూపిస్తున్నరు.

సాగర్ గేట్లెత్తినప్పుడు తాడు పట్టుకొని నిలబడ్డోన్ని నీళ్లు ఫెడేల్‌మని కొడ్తయి. దుంగలెక్క కొట్టుకపోయేటోనికి చుట్టూ నీళ్లు కదలనట్టే ఉంటయి. గిదీ గంతే. హొరైజన్ వ్యాసార్థానికి 1.1 రెట్ల దూరంల ఇంజన్ మండించుకుంట వేలాడేటోనికి ఆకాశమంతా నెత్తిమీద 91 డిగ్రీల గొడుగులకు ముడుచుకుంటది. దూరంగ ఉన్న గడియారం 3.3 రెట్లు జోరుగ తిరుగుతది. ఇంకా దగ్గరికి జరిగితే గొడుగు చుక్కయితది, గడియారం పిచ్చిగ తిరుగుతది. వీడియోలు చూపించేది గదే. కానీ సజిటేరియస్ దగ్గర గట్ల వేలాడాల్నంటే భూమి గురుత్వానికి పది లక్షల రెట్ల తోపు కావాలె. మనిషి అట్టయిపోతడు, ఇంక చూసేదెవరు?

పడేటోని లెక్క చూడుండ్రి. కిందున్న నల్లటి నీడ, హొరైజన్‌కు పదింతల దూరంల 21 డిగ్రీల వెడల్పుంటది. చెయ్యి చాపి జానెడు పట్టి చూడుండ్రి, దగ్గర దగ్గర గంత. హొరైజన్ దాటేటప్పుడు 84 డిగ్రీలు, అంటే నాలుగు జానలు. సగం ఆకాశం గూడ మునగదు. నీడ సగం ఆకాశానికి వచ్చేది ఆఖరి క్షణంల.

రంగుల సంగతి. నెత్తిమీంచి వచ్చే కాంతి హొరైజన్ దగ్గర సగం ఫ్రీక్వెన్సీకి పడిపోతది. 500 నానోమీటర్ల ఆకుపచ్చ 1000 అయి కంటికి కనపడకుండ పోతది. పైనున్న గడియారం సగం జోరుతోనే తిరుగుతున్నట్టుంటది. ఇంక భవిష్యత్తంతా ఎట్ల కనిపిస్తది? సూత్రం సులువు: హొరైజన్ వ్యాసార్థాన్ని మనమున్న వ్యాసార్థంతోని భాగించి వర్గమూలం తీసి ఒకటి కలపాలె. తరంగదైర్ఘ్యం గన్ని రెట్లు సాగుతది. కంటికి సమంగ, పక్కల నుంచి వచ్చే కాంతి మాత్రం ఎంత లోపలికి పోయినా రంగు మారదు.

పాలమూరు_ప్రాక్టికల్స్:

గొడుగు, జానెడు రెండూ చార్టుకు పనికొస్తాయి. ఇంకో సందేహం. కాళ్లు ముందు దాటి, తల ఇంకా బయట ఉన్నప్పుడు కాళ్లు కనిపించకుండా పోవాలి కదా? లోపలి కాంతి బయటికి రాదంటారు.

నల్లగొండ_లెక్కలు:

పోవు. కాళ్లు హొరైజన్ మీద ఉన్నప్పుడు పైకి బయలుదేరిన కాంతి సరిగ్గా హొరైజన్ మీదే నిలిచిపోతుంది. తల అక్కడికి దిగొచ్చాక ఆ కాంతి కంట్లో పడుతుంది. ఎప్పటిలాగే 6 నానోసెకన్ల ఆలస్యం, అంతే. లోపల కూడా అదే వరస: కాళ్ల నుంచి బయలుదేరిన కాంతి కిందికే జారుతుంటుంది, కళ్లు అంతకంటే జోరుగా జారి దాన్ని అందుకుంటాయి. కాళ్లు సింగ్యులారిటీని తాకడం మాత్రం కళ్లు ఎప్పటికీ చూడవు, ఆ కాంతి కళ్లదాకా వచ్చేలోపు రెండూ అయిపోతాయి.

సాగర్_ఎడమకాల్వ లెక్క మీద ఒక సవరణ. సగం ఫ్రీక్వెన్సీ అన్నది చాలా దూరం నుంచి పడేవాడికే. 1.1 రెట్ల దగ్గర వేలాడి అక్కడే ఇంజన్ ఆపేస్తే, దాటేటప్పుడు నెత్తిమీది కాంతి 1.66 రెట్లు పెరిగే ఉంటుంది. అయినా అనంతం కాదు.

పిల్లలమర్రి_ఊడ:

బయటి నుంచి చూసేవాడి బొమ్మ కూడా పెడితే "హొరైజన్ దగ్గర గడ్డకట్టి అలాగే నిలిచిపోతాడు" అని మాత్రం రాయకండి. నిలిచేది కొద్దిసేపే, తర్వాత ఆరిపోతాడు. సజిటేరియస్ విషయంలో ప్రతి 85 సెకన్లకూ అతని నుంచి వచ్చే కాంతి తరంగదైర్ఘ్యం 2.7 రెట్లు సాగుతుంది. ఆకుపచ్చ కాంతి 21 సెంటీమీటర్ల రేడియో తరంగం కావడానికి సుమారు 18 నిమిషాలు. పది సూర్యుళ్లదైతే 85 సెకన్ల బదులు 0.2 మిల్లీసెకను, అక్కడ ఆగినట్టు కూడా కనిపించదు, చటుక్కున మాయం.

పాలమూరు_ప్రాక్టికల్స్:

కోణమానినితో హొరైజన్ దాటే క్షణం బొమ్మ గీశాం. నిట్టనిలువు కిందికి సున్నా, రెండు వైపులా 42 వరకు నలుపు. మిగతా ఆకాశానికి ఎక్కడి నుంచి ఏ రంగు వేయాలి?

సాగర్_ఎడమకాల్వ:

90 కాడ ఒక గీత కొట్టుండ్రి, అక్కడ తెలుపు. దానికి పైన పోను పోను ఎరుపు, 180 కాడ ముదురు. 90 నుంచి కిందికి 42 దాక నీలం, నీడ అంచుకు చేరేసరికి ఫ్రీక్వెన్సీ 3.9 రెట్లయితది కాబట్టి అక్కడ ఊదా వేయుండ్రి.