చారిత్రక ప్రేమ నవలలో ‘పోకముడి’: వాడుక, కాలం, కట్టు

(మాట్లాడినవారి పేర్లకు బదులు వారి ఊళ్ళ పేర్లు ఉన్నాయి.)

బరంపురం (ప్రశ్న)
1830ల నాటి గంజాం జిల్లాలో సాగే ప్రేమ నవల ఒకటి పరిశీలనకు వచ్చింది. తొలిరేయి ఘట్టంలో రచయిత్రి “పోకముడి సడలి, పట్టుచీర నేలకు జారింది” అని రాశారు. రెండు పేజీలు తిప్పితే అదే నాయిక “లోలంగా నాడా బిగించుకుంది”. ఈ రెండూ ఒకే కట్టులో కుదురుతాయా? ‘పోకముడి’ ఇప్పటి పాఠకులకు తెలియని మాట, అది తీసేసి ‘నాడా’ ఒక్కటే ఉంచండని కొందరి సలహా. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

పర్లాకిమిడి
కుదరవమ్మా. తీసెయ్యవలసింది నాడానే, పోకముడిని కాదు.

పోకముడి అంటే చీరను నడుముకు నిలబెట్టే ముడి. సంస్కృతంలో నీవి. అమరకోశం నీవికి రెండర్థాలు చెప్పింది: ఆడవారి నడుము బట్ట కట్టు ఒకటి, వర్తకుడి మూలధనం ఒకటి. లోలంగా లేని కాలంలో చీర బరువంతా ఈ ముడి మీదే ఆగేది. లోలంగా వచ్చాక ఆ పని నాడాకు పోయింది, కుచ్చిళ్ళు లంగాలోకి దోపుకుంటే చాలు, ముడితో పనిలేదు. అంచేత ఒక నాయికకు పోకముడైనా ఉండాలి, నాడా అయినా ఉండాలి.

కట్టే తీరు తెలిస్తే వాక్యం దానంతటదే సరిపడుతుంది. చీర ఒక చుట్టు నడుము చుట్టూ తిప్పి, పైఅంచు కొసను జానెడు వదిలి పట్టుకుంటారు. చుట్టిన భాగంలోంచి బొడ్డుకు కాస్త పక్కగా చారెడు గుడ్డ పైకి లాగి, కొసనూ దాన్నీ కలిపి ముడేస్తారు. అదే పోకముడి. ఆ తర్వాతే కుచ్చిళ్ళు, చుట్లు, పైట. కచ్చ పోసే కట్టయితే కుచ్చిళ్ళ కింది అంచును కాళ్ళ మధ్యనుంచి తీసి వెనక నడుము దగ్గర దోపాలి. దానికి ఎనిమిది తొమ్మిది గజాలు కావాలి, తొమ్మిది గజాలంటే ఎనిమిది మీటర్ల పైమాటే. ఇప్పటి అయిదున్నర మీటర్ల చీరతో కచ్చ పోసి, పైట కూడా నిండుగా వేసినట్టు రాస్తే కొలత చాలదు.

గుణుపురం
పర్లాకిమిడి మాస్టారు చెప్పినదానికి తోడు, ఆ వాక్యంలో నాడా కన్నా పెద్ద తప్పు “నేలకు జారింది” అన్నది. పోకముడి మొదటి చుట్టులో, అన్నిటికన్నా లోపల ఉంటుంది. దాని మీద కుచ్చిళ్ళు, ఆపైన మరో చుట్టు, పైట. ముడి సడలితే ముందు నడుము దగ్గర వదులవుతుంది, కుచ్చిళ్ళు కిందికి దిగి అంచు కాలికి తగులుతుంది, అంతే. కచ్చ పోసి ఉంటే వెనక దోపు తియ్యందే ఏదీ కదలదు. తొమ్మిది గజాల చీర ఒక్కసారిగా నేలకు జారడం సినిమా తెర మీది చీరను చూసి రాసిన మాట.

బట్టను బట్టి ముడి నడత మారుతుంది. ఇది రచయితలు పట్టించుకుంటే ఘట్టానికి బలం వస్తుంది. పట్టు నున్నన, ఒంటి ముడి నిలవదు, రెండో పేట (ముడి మీద మరో ముడి) వెయ్యాల్సిందే. గంజి పెట్టిన నేత కోకకు పట్టు బాగా దొరుకుతుంది గాని ముడి లావై పొట్టకు ఒత్తుతుంది. నూలు కోక తడిస్తే ముడి బిగుసుకుంటుంది, గోళ్ళతో లాగినా ఓ పట్టాన రాదు. వానలో తడిసిన నాయికకు పోకముడి వదులైనట్టు చాలా కథల్లో కనబడుతుంది, జరిగేది దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది.

బరంపురం
ఇంత వివరం దొరికినందుకు చాలా సంతోషం. మరి లోలంగా ఎప్పటినుంచి రాయొచ్చు? రవిక సంగతేమిటి?

రాయగడ
మన వైపు ఇళ్ళలోకి ఏ ఏట వచ్చిందని గీత గీయలేం. పెద్ద ఇళ్ళలో 19వ శతాబ్దం చివర, మామూలు ఇళ్ళలో ఇంకా ఆలస్యంగా అనుకుంటే నవలకు ఇబ్బంది రాదు. 1860ల్లో ఠాగూర్ల ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవి బొంబాయిలో పార్శీ స్త్రీల కట్టు చూసి, లోలంగా, జాకెట్టుతో చీర కట్టే పద్ధతిని కలకత్తాకు తీసుకువెళ్ళారు. అక్కడి చదువుకున్న ఇళ్ళలో అది పాకింది. 1830 నాయికకు లోలంగా తొడగడం తొందరపాటే.

రవిక పాత మాటే, పాత బట్టే. కాని అప్పటి రవికకు ముందు కొసలు రెండూ కలిపి రొమ్ము కింద ముడెయ్యడమే ఉండేది. ‘జాకెట్టు హుక్కులు’ వద్దు. పైటకు పిన్ను అసలే వద్దు, ఇప్పుడు మనం వాడే రకం సేఫ్టీపిన్నుకు అమెరికాలో పేటెంటు 1849లో వచ్చింది. పైట నిలవడానికి కొంగు నడుములో దోపడం, భుజం మీదుగా తిప్పి ముందుకు తెచ్చుకోవడం, ఇవే దారులు. పైట జారే అవకాశం ఎక్కువ కాబట్టి సర్దుకోవడమన్నది ఆ కాలపు నాయిక చేతికి సహజంగా వచ్చే పని. పిన్ను పెట్టేస్తే ఆ పనీ పోతుంది, అందులోని సిగ్గూ పోతుంది.

జయపురం
ఇంగ్లీషు చారిత్రక ప్రేమ నవలల అనువాదాల్లోనూ ‘పోకముడి’ ఇష్టం వచ్చినట్టు పడుతోంది, అందుకని ఒక మాట.

రీజెన్సీ అంటే ఇంగ్లండులో రాజు బదులు యువరాజు పాలించిన కాలం, ఖచ్చితంగా 1811 నుంచి 1820. ఆనాటి గౌనుకు నడుము నడుము దగ్గర ఉండదు, రొమ్ము కిందికే వస్తుంది. లోపలి పెటికోటు జారకుండా భుజాల పట్టీలు పెట్టేవారు. అలాంటి చోట “ఆమె పోకముడి” అని అనువదిస్తే లేని నడుముకు లేని ముడి వేసినట్టవుతుంది. ‘లోగౌను పట్టీ’ అంటే సరిపోతుంది.

ఒంటిని బిగించే లోకట్టు కోర్సెట్టు విషయం ఇంకా దారుణం. అప్పటి స్టేస్‌కు (కోర్సెట్టు పాత పేరు) వెనక కన్నాలు, వాటిలోంచి ఒకే తాడు మెలికలుగా పోతుంది. కన్నాలు దారంతో చేత్తో కుట్టినవి, బలంగా లాగితే చిరుగుతాయి. లోహపు వలయాలు 1828 తర్వాతి సంగతి. ముందువైపు కొక్కేలతో టకటకా తెరుచుకునే కోర్సెట్టు మామూలైంది శతాబ్దం నడిమిలోనే. అంచేత 1815లో నాయకుడు ముందు కొక్కేలు విప్పకూడదు, వెనక నిలబడి తాడు కొస వెతుక్కోవాలి. ప్రేమ ఘట్టానికి అదే మేలు, సమయం పడుతుంది, మాటలకు చోటు దొరుకుతుంది. గౌనును గుండ్రంగా విప్పార్చే ఉక్కు వలయాల చట్రం, క్రినొలిన్, 1856 నుంచి. అట్ట మీద బొమ్మ ఎలా ఉన్నా పాఠకులు సర్దుకుంటారు, లోపలి పేజీల్లో కట్టు తప్పితే కాలం మీద నమ్మకం పోతుంది.

మన తీరానికి సంబంధించిన సంగతొకటి. 1721 చట్టంతో ఇంగ్లండులో అద్దకపు నూలు బట్టలు కట్టడం నిషేధమైంది, 1774లో గాని ఎత్తెయ్యలేదు. 1740 లండన్ నాయికకు కోరమండల్ కలంకారీ గౌను తొడిగితే ఆమె చట్టం దాటినట్టే. తెలిసి రాస్తే అదే ఒక కథ.

1880ల నాయికల వెనక ఎత్తు చూపే ‘బసిల్’కు తెలుగు మాట కావాలని ఎవరో అడిగారు. మా కోరాపుట్ గదబ స్త్రీలు కెరంగ్ నార బట్ట కింద, వెనకవైపు నల్లతాళ్ళ కట్ట ఒకటి కట్టుకునేవారని దక్షిణాది కులాలు, తెగల గురించి పుస్తకం రాసిన థర్స్టన్ 1909లో రాశాడు. రూపం దగ్గరే గాని వాళ్ళ బట్ట వాళ్ళది, దాని పేరు లండన్ గౌనుకు అరువివ్వొద్దు. ‘వెనక దిండు’ అని తేలిగ్గా చెప్పొచ్చు.

పర్లాకిమిడి
పాఠకులకు తెలియదన్న మాటకు జవాబు బాకీ ఉంది. కథకుడి గొంతులో పోకముడి ఉండనివ్వండి, నాయిక నోట మాత్రం వద్దు. ఆమె “కోక ముడి వదులైందమ్మా” అంటుంది. నీవి పద్యానికే ఉండాలి. వాడుక భాషను రాతలోకి తేవాలని గిడుగు వారు పోరాడింది ఈ పర్లాకిమిడిలోనే ఉండి. ఆయన ఊరి వైపు సాగే కథలో ఆడపిల్ల నిఘంటువు మాట్లాడకూడదు.

ఇక ఘట్టం ఎక్కడ ఆపాలన్నదానికి పాత పద్యమొకటి పనికొస్తుంది. సంకలనాల్లో విద్య (విజ్జిక) అనే కవయిత్రి పేరున ఉంది, మమ్మటుడు తన అలంకారశాస్త్ర గ్రంథం కావ్యప్రకాశంలో ఉదాహరించాడు. చివరి రెండు పాదాలు:

నీవీం ప్రతి ప్రణిహితే తు కరే ప్రియేణ
సఖ్యః శపామి యది కించిదపి స్మరామి

చెలులు ముచ్చట్లు చెప్పుకుంటుంటే ఒకామె అంటుంది: ప్రియుడి చెయ్యి నీవి వైపు సాగిందో లేదో, ఒట్టు, ఆ తర్వాత నాకేదీ గుర్తుంటే. ముడి విడిందని కూడా చెప్పలేదు. ‘ప్రతి’ అంటే వైపు, చెయ్యి ఇంకా దారిలోనే ఉంది. మీ రచయిత్రి చీరను నేలకు దించి పోగొట్టుకున్నది ఆ దారినే.

గుణుపురం
నాదీ అదే మాట. ఇంకొకటి, మొదటి అధ్యాయాల్లో ఎక్కడైనా నాయికకు తల్లో అత్తో చీర కట్టే సన్నివేశం పెట్టించండి. నాలుగు వాక్యాలు చాలు: కొస జానెడు వదలడం, ముడి, పట్టు కాబట్టి రెండో పేట. అక్కడ ఒకసారి ‘పోకముడి’ అన్న మాట పడితే తొలిరేయికి వచ్చేసరికి పాఠకులకు అర్థం చెప్పనక్కర్లేదు. బరంపురం పట్టు అంచు మీద గుడి గోపురాల వరస కూడా అక్కడే చూపించొచ్చు, మళ్ళీ మళ్ళీ వర్ణించే బాధ తప్పుతుంది.

బరంపురం
రచయిత్రికి ఇలా సూచిస్తున్నాం: లోలంగా వాక్యం పూర్తిగా తీసెయ్యాలి. తొలిరేయి వాక్యం “అతని చెయ్యి పోకముడి దాకా వచ్చి ఆగింది. అత్త వేసిన రెండో పేట అంత తొందరగా లొంగలేదు.” చీర కట్టే సన్నివేశం పెళ్ళి ఉదయం అధ్యాయంలో చేరుతుంది. కచ్చ ఉందో లేదో కూడా అక్కడే తేల్చమని అడుగుతాం, లేకపోతే రెండో వాక్యం తర్వాత ఏం రాయాలో తెలియదు.