స్టాక్ ఫోటోలు అమ్మితే నిజంగా డబ్బులొస్తాయా?

ప్రశ్న: అన్నా నాది గుంటూరు, ఆదివారం వస్తే కెమెరా వేసుకుని తిరుగుతుంటా, కల్లాల్లో ఆరబోసిన మిర్చి, కొండవీడు కోట, ఇలా రెండు వేల ఫోటోలదాకా హార్డ్ డిస్క్‌లో మూలుగుతున్నాయి. షట్టర్‌స్టాక్, అడోబ్ స్టాక్ లాంటి ఫోటోలు అమ్మే సైట్లలో పెడితే బైక్ ఈఎంఐకి సరిపడా అయినా వస్తాయా?

జవాబు 1: ఈఎంఐ మాట మర్చిపో తమ్ముడూ. అడోబ్ ఫోటో అమ్మిన ధరలో 33 శాతం మనకి ఇస్తుంది, వినడానికి బానే ఉంటది కానీ కొనేవాళ్ళు ఎక్కువగా సబ్‌స్క్రిప్షన్ మీదే కొంటారు కాబట్టి మన చేతికొచ్చేది సెంట్లలోనే. షట్టర్‌స్టాక్‌లో 15 నుంచి 40 శాతం, అమ్ముడయ్యేకొద్దీ లెవెల్ పెరుగుద్ది, జనవరి 1 రాగానే మళ్ళీ మొదటికి, వైకుంఠపాళీలో పెద్దపాము మింగినట్టే. అడోబ్‌లో 25 డాలర్లు పోగైతేగానీ డ్రా చేయలేం, నాకైతే ఏడు నెలలు పట్టింది.

జవాబు 2: మరీ అంత భయపెట్టకండి. కోటలు, సూర్యాస్తమయాలు అందరూ పెడతారు, నావి అమ్ముడుపోయేవన్నీ బోరింగ్ ఫోటోలే.. పోపుల డబ్బా, ఆవకాయ కలిపే చేతులు (మా అత్తగారివి, ఫోటో వాడుకోడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టమంటే ఆస్తి రాయించుకుంటున్నానా అని చూశారు). నీ మిర్చి ఫోటోల్లో కూలీల మొహాలు కనిపిస్తే మోడల్ రిలీజ్ (వాళ్ళు ఒప్పుకుంటూ సంతకం పెట్టిన కాగితం) తప్పనిసరి, లేదంటే షట్టర్‌స్టాక్‌లో ఎడిటోరియల్ (వార్తలు, వ్యాసాలకి మాత్రమే వాడేవి) కింద పెట్టాలి. కీవర్డ్స్, అంటే కొనేవాళ్ళు ఫోటో వెతికే మాటలు, ఇంగ్లీషులో శ్రద్ధగా రాయి, సగం పని అదే.

ప్రశ్న అడిగినతను: థాంక్స్ అక్కా, మొహాలు లేనివి వెతికితే రెండు వందలు కూడా తేలట్లేదు 😅