విండోస్ సర్వర్ 2022 వేశాక వీడియోలు ఆగి ఆగి ఆడుతున్నాయి, ఎందుకు?

నీలితెర: పొద్దున్నుంచీ దీంతోనే సరిపోయింది. విండోస్ సర్వర్‌లో (సర్వర్ కంప్యూటర్ల కోసం చేసిన విండోస్) అనవసరపు యాప్‌లు ఉండవు, ఫాస్ట్‌గా ఉంటుందంటే విండోస్ 10 తీసేసి ఇది వేశా. వీడియో ఆగి ఆగి ఆడుతోంది, సౌండ్ లేదు, వైఫై కనబడదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అంతే. ఏం చెయ్యాలన్నా?

సూటిగా: ర్యామ్ ఎంత? డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఏముంది?

కెర్నల్‌కబుర్లు: విండోస్ 10లోనూ సర్వర్‌లోనూ ఎన్‌టీ కెర్నలే (విండోస్ లోపలి మూలభాగం) తమ్ముడూ, తేడా అంతా సెట్టింగుల్లో. డెస్క్‌టాప్ విండోస్‌లో ఒక్కో థ్రెడ్‌కి (ప్రోగ్రామ్‌లో నడిచే ఒక పని) విడతకి దొరికే ప్రాసెసర్ సమయం మామూలుగా 2 క్లాక్ టిక్‌లు, ముందున్న విండోకి 6. సర్వర్‌లో అందరికీ 12. టిక్ సుమారు 15.6 మిల్లీసెకన్లు. రన్‌లో సిస్‌డిఎమ్.సిపిఎల్ కొట్టి అడ్వాన్స్‌డ్, పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్, మళ్లీ అడ్వాన్స్‌డ్‌లో 'ప్రోగ్రామ్స్' పెట్టు.

సూటిగా: వీడియోకి అది కారణం కాదు.

కెర్నల్‌కబుర్లు: నేను ఫాస్ట్ గురించి చెబుతున్నా. మొత్తం పని ఎక్కువ జరగడం వేరు, క్లిక్ చేయగానే స్పందించడం వేరు. సర్వర్‌ని మొదటిదాని కోసం ట్యూన్ చేస్తారు.

నీలితెర: మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అనుంది. ర్యామ్ 4 జీబీ. ల్యాప్‌టాప్ కదా.

సూటిగా: ల్యాప్‌టాప్ అని ఇప్పుడు చెబుతున్నారు. గ్రాఫిక్స్ డ్రైవర్ లేదు, వీడియో డీకోడింగ్ అంతా ప్రాసెసర్ మీదే పడుతోంది. విండోస్ 10 డ్రైవర్ జిప్ విప్పి, అప్‌డేట్ డ్రైవర్‌లో 'హ్యావ్ డిస్క్' ద్వారా ఐఎన్ఎఫ్ ఫైల్ (డ్రైవర్‌ని ఎలా ఇన్‌స్టాల్ చేయాలో చెప్పేది) చూపించండి. ఆ ఫైల్లో ప్రొడక్ట్ టైప్ 1 అనుంటే అది వర్క్‌స్టేషన్‌కి, అంటే డెస్క్‌టాప్ విండోస్‌కి మాత్రమే, సర్వర్ తీసుకోదు.
సౌండ్: సర్వీసెస్‌లో విండోస్ ఆడియోని ఆటోమేటిక్ చేసి స్టార్ట్ చేయండి.
వైఫై: సర్వర్ మేనేజర్, యాడ్ రోల్స్ అండ్ ఫీచర్స్, వైర్‌లెస్ లాన్ సర్వీస్. తర్వాత రీస్టార్ట్. అడాప్టర్ డ్రైవర్ కూడా ఉండాలి.

లైసెన్స్‌మాట: అసలు అది ఇవాల్యుయేషన్ కాపీయా (వాడి చూడటానికి ఇచ్చేది)? 180 రోజులు దాటితే గంటగంటకీ దానంతటదే షట్‌డౌన్ అవుతుంది. రోజువారీ పనికి ఇలాంటిది పెట్టుకోకూడదు, ఎవరూ ముందు ఇది చెప్పరు.

కెర్నల్‌కబుర్లు: 4 జీబీకి ఇంకోటి. డెస్క్‌టాప్‌లో మెమరీ కంప్రెషన్ (ర్యామ్‌లోని డేటాని కుదించి చోటు మిగల్చడం) ఆన్‌లో ఉంటుంది, సర్వర్‌లో ఆఫ్. పవర్‌షెల్‌లో గెట్-ఎమ్ఎమ్ఏజెంట్ కొట్టి చూడు. ఆన్ చేయాలంటే సిస్‌మెయిన్ సర్వీస్ నడుస్తుండాలి.

సూటిగా: ఇన్ని సరిచేస్తే మిగిలేది విండోస్ 10. అదే వేసుకోండి.

కెర్నల్‌కబుర్లు: వర్చువల్ మెషిన్లు (ఒకే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడిచే వేరే కంప్యూటర్లు) నడపాలంటే సర్వరే మేలు.

సూటిగా: 4 జీబీలోనా?

నీలితెర: సౌండ్, వైఫై వచ్చాయి. గ్రాఫిక్స్ డ్రైవర్ రేపు చూస్తా. థాంక్స్ అన్నా.

లైసెన్స్‌మాట: కాపీ ఏదో చెప్పనేలేదు.