చైనా బేరసారాలలో, యుద్ధనీతిలో ప్రాచీన తత్త్వం ఎంత? – చర్చ

కృష్ణాతీరం:
చైనా వారి వ్యాపారంలోనూ సైనిక వ్యూహంలోనూ నీతివేత్త కన్‌ఫ్యూషియస్, యుద్ధ వ్యూహకర్త సన్ జు వంటి ప్రాచీనుల ఆలోచనలు నేటికీ పనిచేస్తున్నాయా, లేక ఆ పేర్లను మనమే అంటగడుతున్నామా? అక్కడి నుంచి సరుకు తెప్పించుకునేవారు, సైన్యంలో పనిచేసినవారు తమ అనుభవం రాయవలసిందిగా కోరుతున్నాను.

విజయవాడ_హార్డ్‌వేర్:
నేను చైనాలోని టోకు మార్కెట్ నగరం యీవూ నుంచి తాళాలు, గొళ్ళేలు తెప్పించుకుంటాను. మొదటి విందులో ధర ప్రస్తావనే రాదు. విందు ఇచ్చే పెద్ద తలుపుకు ఎదురుగా కూర్చుంటే, ముఖ్య అతిథికి ఆయన కుడిపక్కన చోటు ఉంటుంది. గ్లాసులు తాకించేటప్పుడు చిన్నవారు తమ గ్లాసు అంచును పెద్దవారి గ్లాసు అంచు కన్నా కిందికి దించుతారు. ఎవరి స్థానం ఎరిగి వారు మెలగాలన్న కన్‌ఫ్యూషియస్ బోధ అక్కడ కళ్ళకు కడుతుంది. కాంట్రాక్టు మీద సంతకం కన్నా కంపెనీ ఎర్ర ముద్రకే విలువ ఎక్కువ. అయితే ముద్ర పడిన తరువాత కూడా, ఉక్కు ధర పెరిగితే మళ్ళీ మాట్లాడుకుందామని నిస్సంకోచంగా అడుగుతారు. వారి లెక్కలో కాగితం కన్నా గ్వాన్‌షీ, అంటే ఇచ్చిపుచ్చుకుంటూ ఏళ్ళ తరబడి పెంచుకున్న సంబంధం, పెద్దది. సరుకులో లోపం ఉంటే యజమానిని పక్కకు పిలిచి చెప్పాలి. పనివారి ముందు పరువు తీస్తే ఇక ఆ గడప తొక్కనక్కరలేదు.

విశ్రాంత_సుబేదార్:
పోరాడకుండానే శత్రువును లొంగదీయడం అన్నిటికన్నా మేలని సన్ జు చెప్పాడు. ఆయన గ్రంథంలోని 13 అధ్యాయాలలో మొదటిది ముందస్తు అంచనాల గురించి, చివరిది గూఢచారుల గురించి. ఆ రెండూ కలిసి పనిచేయడం చూడాలంటే చైనా అంతర్యుద్ధంలో, 1949లో కమ్యూనిస్టులకు బీజింగ్ చేజిక్కిన తీరు చదవాలి. కమ్యూనిస్టు సేనలు జనవరి 15న దగ్గరలోని తియెన్‌జిన్ నగరాన్ని పట్టుకుని, సముద్రం వైపు దారి మూసేశాయి. బీజింగ్ రక్షణ సేనాని ఫూ జువోయీ కన్నకూతురే రహస్యంగా కమ్యూనిస్టు పార్టీ సభ్యురాలు. తండ్రి మనఃస్థితిని ఆమె ఎప్పటికప్పుడు చేరవేసింది. చివరికి ఆయన సంధికి ఒప్పుకోగా, జనవరి 31న సేనలు పోరు లేకుండా నగరంలోకి ప్రవేశించాయి. ఆ సేనానికే కొత్త ప్రభుత్వంలో జలవనరుల మంత్రి పదవి దక్కింది. చుట్టుముట్టిన సైన్యానికి ఒక దారి వదలాలన్నదీ సన్ జు మాటే; ఇక్కడ ఆ దారి సంధి.

ఓరుగల్లు_చరిత్ర:
సుబేదార్ గారూ, మంచి ఉదాహరణ ఇచ్చారు. కానీ తియెన్‌జిన్ భీకరమైన పోరుతోనే పడింది. 1979లో వియత్నాం మీదికి నేరుగా వెళ్ళి చైనా భారీగా నష్టపోయింది. మావో 1938లో కమ్యూనిస్టుల స్థావరమైన యెనాన్‌లో దీర్ఘకాలిక యుద్ధంపై చేసిన ప్రసంగాలలో సన్ జు మాటతో పాటు, యుద్ధం రాజకీయానికి కొనసాగింపు అన్న ఐరోపా సిద్ధాంతమూ ఉంది. భారత్‌తో యుద్ధంలో 1962 నవంబర్ 21న చైనా ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించడాన్ని కొందరు ప్రాచీన నీతిగా చెబుతారు. చలికాలంలో హిమాలయాలు దాటించి సరఫరాలు అందించడం కష్టమన్న కారణమే నాకు బలంగా తోస్తుంది. విజయవాడ మిత్రులను ఒకటి అడుగుతాను: ధర తిరగదోడడం తత్త్వమా, అవకాశవాదమా?

బెంగళూరు_టెలికాం:
1987లో షెన్‌జెన్‌లో టెలికాం పరికరాల కంపెనీ హువావేను స్థాపించిన రెన్ జెంగ్‌ఫెయ్ సైన్యపు ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసినవారు. విదేశీ కంపెనీలు పట్టించుకోని చిన్న పట్టణాలలో టెలిఫోన్ ఎక్స్‌చేంజీలు అమ్మి, ఆ తరువాతే నగరాలకు వచ్చారు. పల్లెలతో నగరాలను చుట్టుముట్టాలన్న మావో వ్యూహమే ఇది. అంటే ఇక్కడ ప్రభావం ప్రాచీనులది కన్నా నిన్నటి తరానిది.

విజయవాడ_హార్డ్‌వేర్:
ఓరుగల్లు మిత్రమా, రెండూ ఉన్నాయి. పాత కుటుంబ ఫ్యాక్టరీల వారు ఈసారి ధర పెంచితే వచ్చేసారి తగ్గించి లెక్క సరిచేస్తారు. ఒక్కసారి అమ్మి మాయమయ్యేవారికి గ్వాన్‌షీ అన్నది సాకు మాత్రమే. అందుకే ముప్పై శాతమే అడ్వాన్సు ఇచ్చి, తనిఖీ ముగిశాక, ఓడకు ఎక్కించే ముందు మిగతా డెబ్బై చెల్లిస్తాను.