పాత ఆక్టేవియా వీఆర్ఎస్: టోకెన్ ఇచ్చే ముందు ఏమేం చూడాలి?

హనుమకొండ_శ్రీను

అందరికీ నమస్కారం. స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్ 230 ఒకటి చూశాను. 2018 మోడల్, ఏపీ 16 రిజిస్ట్రేషన్, సెకండ్ ఓనర్, మీటర్ మీద 52 వేల కిలోమీటర్లు. కూకట్‌పల్లి వైపు పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో ఉంది. 18.5 లక్షలు చెప్తున్నారు, కూర్చుని మాట్లాడితే కొంచెం తగ్గుతారట.

2017లో ఈ కారు మన దేశంలో విడుదలైనప్పటి నుంచీ నా కళ్ళు దీని మీదే ఉన్నాయి. అప్పుడు కొనే స్తోమత లేదు. ఇప్పుడున్నది ఎనిమిదేళ్ళ డీజిల్ హ్యాచ్‌బ్యాక్. దాన్ని అమ్మేసి ఇది తీసుకుంటే ఇంట్లో ఇదొక్కటే కారు. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసు, వీలైనప్పుడల్లా హనుమకొండ, అమ్మానాన్నలని హాస్పిటల్‌కి తీసుకెళ్ళినా ఇదే. దారిలో ఆగిపోయే బండి తెస్తే ఇబ్బంది పడేది వాళ్ళు.

శనివారం వెళ్ళి చూశా. పెయింట్ తళతళలాడుతోంది, ఇంజిన్ కూడా కడిగి ఉంచారు. పక్క వీధుల్లో పది నిమిషాలు నడపనిచ్చారు, తేడా ఏమీ అనిపించలేదు. వాళ్ళే స్కానర్ పెట్టి చూపించారు, ఒక్క ఎర్రర్ కూడా లేదు. "రేపు ఇంకో పార్టీ వస్తోంది, 50 వేలు టోకెన్ ఇచ్చి మీ పేరు మీద పెట్టుకోండి" అని ఒకటే ఫోన్లు.

నా డౌట్లు ఇవీ. దీనిలోని డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ గురించి విన్నవన్నీ భయపెట్టే కథలే, అవి నిజమేనా? ముందు ఓనర్లు కారుని ఇష్టమొచ్చినట్టు తొక్కి నడిపి ఉంటే ఎలా తెలుస్తుంది? ఎర్రర్‌లు లేవు కాబట్టి ఇంజిన్ బాగున్నట్టేనా?

మెహదీపట్నం_రఫీ

టోకెన్ ఇవ్వకండి శ్రీను భాయ్. "ఇంకో పార్టీ" ప్రతి కన్సల్టెన్సీలోనూ ఉంటుంది. వాళ్ళతో సంబంధం లేని, మీరు ఎంచుకున్న షెడ్డుకి బండి తీసుకెళ్ళి ర్యాంప్ ఎక్కించనిస్తేనే మాట్లాడండి. ఒప్పుకోకపోతే అక్కడితో వదిలేయండి, ఇలాంటి కార్లు మళ్ళీ వస్తాయి. ఖర్చు మీరే పెట్టుకోండి, అప్పుడు మెకానిక్ మీ తరఫున మాట్లాడతాడు.

బోనెట్_కింద

శ్రీను గారూ, మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మీకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది ఆ స్కాన్ రిపోర్టే అని అర్థమవుతోంది కాబట్టి.

స్కోడా ఉన్న ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లకి స్కానర్ పెట్టి లోపాలు వెతికే డయాగ్నస్టిక్స్ పనే నా బతుకుతెరువు. ఎర్రర్‌లు లేని రిపోర్ట్ కావాలంటే రెండు నిమిషాల పని, స్కానర్‌లోనే క్లియర్ బటన్ ఉంటుంది. కాబట్టి ఎర్రర్ కోడ్‌లు ఉన్నాయా లేవా అన్నదానికంటే వాటిని ఎప్పుడు తుడిచారన్నది ముఖ్యం. అది కూడా కారే చెప్తుంది. లైవ్ డేటాలో "కోడ్‌లు తుడిచాక నడిచిన దూరం" అని ఒక లెక్క ఉంటుంది. కారు పోర్టుకి తగిలించే మామూలు ఓబీడీ స్కానర్‌తో కూడా చాలా కార్లలో దాన్ని చదవొచ్చు. అక్కడ వేల కిలోమీటర్లు కనిపిస్తే సంతోషం. పదో ఇరవయ్యో కనిపిస్తే, మీరు వస్తున్నారని తెలిసి తుడిచారేమో అడగాలి. దాంతోపాటు రెడీనెస్ మానిటర్లు చూడండి. క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు లాంటివాటిని కారు తనంతట తానే పరీక్షించుకుంటుంది. కోడ్‌లు తుడిస్తే ఆ పరీక్షలు మళ్ళీ మొదటికొస్తాయి, పూర్తవడానికి రకరకాల వేగాల్లో కొంత నడపాలి. బ్యాటరీ తీసినా కొన్నిసార్లు ఇలాగే అవుతుంది, అందుకని అదొక్కటే చూసి ఎవరి మీదా నింద వేయొద్దు. రెండు వారాలు నడిపాక మళ్ళీ స్కాన్ చేద్దామని అడగండి. జవాబు ఎలా వస్తుందో చూడండి.

మీటర్ సంగతి. డాష్‌బోర్డ్ మీద అంకె తగ్గించడం సులువు, మిగతా మాడ్యూళ్ళన్నిట్లో (కారులోని చిన్న కంప్యూటర్లలో) తగ్గించడం సులువు కాదు. ఈ గ్రూపు కార్లలో ఏదైనా ఫాల్ట్ నమోదైతే అప్పటి కిలోమీటర్లు కూడా దాని పక్కనే నిలిచిపోతాయి. వీసీడీఎస్ లాంటి స్కానర్‌తో ఇంజిన్ ఒక్కటే కాకుండా గేర్‌బాక్స్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, డోర్లు అన్నీ స్కాన్ చేయించండి. తుడిచేవాడు తొందరలో ఏదో ఒకటి వదిలేస్తాడు. మీటర్ 52 వేలు చూపిస్తుంటే, ఎక్కడో డోర్ మాడ్యూల్‌లో 80 వేల దగ్గర పడిన పాత ఫాల్ట్ దొరికితే ఇక మాట్లాడాల్సింది లేదు. డ్రైవర్ సీటు అంచు నలిగిపోయి ఉందా, స్టీరింగ్ తోలు నున్నబడిందా, బ్రేక్ డిస్కుల అంచున గట్టు లేచిందా అన్నవి కూడా చూడండి.

ఇప్పుడు అసలు విషయం. ఇది 1984 సీసీ టర్బో పెట్రోల్, కంపెనీ లెక్క పవర్ 230 పీఎస్, టార్క్ 350 ఎన్ఎం. చాలామంది ఓనర్లు అక్కడితో ఆగరు. స్టేజ్ 1 రీమ్యాప్, అంటే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పు, చేయిస్తే టార్క్ 400 దాటుతుంది, బోల్ట్ కూడా విప్పక్కర్లేదు. అమ్మేముందు మళ్ళీ స్టాక్ ఫైల్ (కంపెనీ ఇచ్చిన అసలు సాఫ్ట్‌వేర్) ఎక్కించేస్తారు. ఇంజిన్ కంప్యూటర్ ఈసీయూలో ఎన్నిసార్లు ప్రోగ్రామ్ చేశారన్న లెక్క ఉంటుంది. దాన్ని సర్వీస్ సెంటర్ రికార్డుతో పోల్చండి, ఎందుకంటే కంపెనీ అప్‌డేట్ వేసినా ఆ లెక్క పెరుగుతుంది. రికార్డులో అప్‌డేట్ లేకుండా లెక్క ఎక్కువుంటే రీమ్యాప్ అయి ఉండొచ్చు. టర్బో నుంచి కిందికి దిగే ఎగ్జాస్ట్ గొట్టం, డౌన్‌పైప్ కూడా మార్చి ఉంటే ర్యాంప్ మీద తెలిసిపోతుంది. ఏడేళ్ళ కారు కింద ఎగ్జాస్ట్ అంతా తుప్పు రంగులో ఉండి, టర్బో దగ్గర నట్లు మాత్రం కొత్తగా మెరుస్తుంటే ఎందుకని అడగండి. ఇన్‌టేక్ పైపుల దగ్గర కంపెనీ స్ప్రింగ్ క్లిప్పుల బదులు స్క్రూ క్లిప్పులున్నా అంతే.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాను. రీమ్యాప్ చేసిన కారు అనగానే పారిపోవద్దు. "స్టేజ్ 1 వేయించాను, ఇదిగో బిల్లు, ఆయిల్ ప్రతి 8 వేలకు మార్చాను, ఇదిగో ఆ బిల్లులు" అని ముందే చెప్పే ఓనర్ దగ్గర నేనైతే ధైర్యంగా కొంటాను. స్టాక్ కారని అబద్ధం చెప్పి, 15 వేల కిలోమీటర్ల సర్వీసు కూడా సరిగ్గా చేయించని వాడి దగ్గర కొనను. టర్బో ఇంజిన్‌ని తినేసేది ఎక్కువగా పాత ఆయిల్, వేడెక్కకముందే తొక్కడం, వేగంగా వచ్చి వెంటనే ఆపేయడం. ఈ మూడూ రిపోర్టుల్లో కనపడవు, ఓనర్‌తో అరగంట మాట్లాడితే కనపడతాయి. కన్సల్టెన్సీ వాళ్ళని ఓనర్ నంబర్ అడగండి, ఫోన్‌లోనైనా సరే. ఏ ఆయిల్ వాడారు, ఎప్పుడెప్పుడు మార్చారు అంటే తడుముకోకుండా చెప్పగలిగితే సగం టెన్షన్ తగ్గుతుంది.

కారు చూడ్డానికి పొద్దున్నే వెళ్ళండి, ముందు రోజు రాత్రి నుంచీ స్టార్ట్ చేయొద్దని చెప్పి మరీ వెళ్ళండి. వెళ్ళగానే బోనెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని వచ్చేయండి. ఈ ఇంజిన్‌కి టైమింగ్ బెల్ట్ కాదు, చైన్. చల్లటి స్టార్ట్‌లో గొలుసు కొట్టుకున్నట్టు శబ్దం కొన్ని క్షణాలు దాటి ఉంటే వదిలేయండి. ఇంకోటి, దీనిలో ఉన్న ఈఏ888 రకం ఇంజిన్లలో వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిసిన ప్లాస్టిక్ హౌసింగ్ నుంచి కూలెంట్ కారడం అందరికీ తెలిసిన జబ్బు. ఇంజిన్‌కి ముందు వైపు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద లోపలికి ఉంటుంది. టార్చ్ వేసి గులాబీ రంగు ఎండిన మరక కోసం చూడండి. అది ప్రాణాంతకం కాదు, బాగుచేయించుకోవచ్చు, కానీ ఆ ఖర్చు ధరలోంచి తగ్గాలి. ఇంజిన్ కడిగి పెట్టారన్నారు కదా, నాకు నచ్చని విషయం అదే. మరకలే మనకి సాక్ష్యం. వారం నడిచాక మళ్ళీ చూడాలి.

డీఎస్‌జీ భయం గురించి. మీరు విన్న కథల్లో ఎక్కువ భాగం ఏడు గేర్ల డ్రై క్లచ్ డీక్యూ200ది. పోలో జీటీ టీఎస్ఐలో, ఆక్టేవియా 1.8లో వచ్చింది అదే. వీఆర్ఎస్ 230లో ఉన్నది ఆరు గేర్ల వెట్ క్లచ్ డీక్యూ250, క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి, ఇది చాలా గట్టిది. కాకపోతే 60 వేలకోసారి గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ మార్చి తీరాలి. మీ కారుకి ఆ సమయం దగ్గర్లోనే ఉంది. ఒకవేళ ఆ ఆయిల్ ఇప్పటికే మార్చిన బిల్లు కనిపిస్తే దాని మీద కిలోమీటర్లు చదవండి, మీటర్ నిజం కూడా అక్కడే బయటపడొచ్చు.

పది నిమిషాల డ్రైవ్‌తో గేర్‌బాక్స్ తెలియదు. కనీసం ముప్పావు గంట, ఏసీ వేసి, సాయంత్రం ట్రాఫిక్‌లో నడపండి. పూర్తిగా వేడెక్కాక ఒకటికీ రెండుకీ మధ్య కుదుపుందా, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద రివర్స్‌లో మెల్లగా ఎక్కిస్తే వణుకుతోందా చూడండి. తర్వాత ఓఆర్ఆర్ ఎక్కి, ఖాళీ చోట మాన్యువల్ మోడ్‌లో మూడో గేరులో 2 వేల ఆర్‌పీఎం నుంచి నిండా తొక్కండి. లాగుడు ఒకే ఊపున రావాలి. మధ్యలో తటపటాయించినా, ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోయినా క్లచ్‌లో, టర్బోలో, ఇగ్నిషన్‌లో ఏదో ఉంది. తిరిగొచ్చాక రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఒకసారి రేజ్ చేయండి. నీలం పొగ వస్తే టర్బో సీలో, వాల్వ్ సీళ్ళో అనుమానించాలి.

బెజవాడ_బండి

శ్రీను అన్నా, ఏపీ 16 అన్నారు కాబట్టి రాస్తున్నా. మాది విజయవాడ. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. ఎన్ని కార్లు మునిగాయో కళ్ళారా చూశాం. ఇన్సూరెన్స్ వాళ్ళు టోటల్ లాస్ (బాగుచేయడం దండగ) కింద తీసుకున్న బండ్లు వేలంలో అమ్ముడుపోయి, బాగుచేసి, వేరే ఊళ్ళలో మళ్ళీ అమ్మకానికి వస్తాయి. మీరు చూసింది అలాంటిదని అనట్లేదు, మా ఊళ్ళో చాలా కాలనీలకి చుక్క నీరు రాలేదు. చూసుకోవడం మంచిది, అంతే.

సీట్ బెల్టు చివరిదాకా లాగి చూడండి, అక్కడి బురద గీత కడిగినా పూర్తిగా పోదు. డ్రైవర్ సీటు కింద పట్టాల బోల్టులు, స్టెప్నీ గుంత అడుగు తుప్పు పట్టాయా చూడండి. కార్పెట్ ఎత్తి కింద ఫోమ్ నొక్కి వాసన చూడండి. సెంటు ఎక్కువ కొట్టి ఉంటే కిటికీలన్నీ మూసి ఎండలో అరగంట ఉంచి, అప్పుడు తలుపు తీయండి.

పాత పాలసీ కాపీలు కూడా అడగండి. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, ఒక ఏడాదికి 20 శాతంతో మొదలై ఐదేళ్ళకు 50 శాతం అవుతుంది, ఓన్ డ్యామేజ్ (సొంత కారు నష్టం) క్లెయిమ్ చేస్తే సున్నాకి పడుతుంది. ఆ బోనస్ కారుది కాదు, ఓనర్‌ది. కాబట్టి రెండో ఓనర్ కొన్న తేదీ నుంచి లెక్కేసుకోండి. బోనస్ మధ్యలో పడిపోయిన ఏడాది ఏం జరిగిందో అడగండి.

ఇంకా, మీరు తెలంగాణలోకి మార్చుకోవాలి కదా. మా వైపు ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ, లోన్ ఉంటే బ్యాంకు క్లియరెన్స్, మీ దగ్గర మళ్ళీ లైఫ్ ట్యాక్స్. 18.5లో ఇవన్నీ కలిసి ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి.

హనుమకొండ_శ్రీను

అందరికీ చాలా థాంక్స్. టోకెన్ ఇవ్వలేదు. ఇవాళ పొద్దున వెళ్ళాను, ఇంజిన్ చల్లగానే ఉంది, స్టార్ట్‌లో శబ్దం లేదు. సీట్ బెల్టులు, స్టెప్నీ గుంత శుభ్రంగా ఉన్నాయి. కానీ కోడ్‌లు తుడిచాక నడిచిన దూరం 14 కిలోమీటర్లే, మానిటర్లు రెండు పూర్తవలేదు. అడిగితే "బ్యాటరీ మార్చాం సార్, అందుకే" అన్నారు. ఇంకో పార్టీ ఎవరూ రాలేదు. శుక్రవారం నేను చెప్పిన షెడ్డుకి తేవడానికి ఒప్పుకున్నారు. ఓనర్ నంబర్ మాత్రం ఇంకా ఇవ్వలేదు.

బోనెట్_కింద

బ్యాటరీ మార్చితే బిల్లుంటుంది. బిల్లు లేకపోయినా బ్యాటరీ మీద తయారీ తేదీ, వారంటీ స్టిక్కర్ ఉంటాయి, ఫోటో తీసుకోండి. అది పాతదైతే చెప్పింది అబద్ధమని మీకే తెలుస్తుంది. కొత్తదైనా శుక్రవారం లోపు ఒక వంద కిలోమీటర్లు నడపమనండి, షెడ్డుకి వచ్చాక మళ్ళీ స్కాన్ చేయించండి. దాచింది ఏదైనా ఉంటే ఆ లోపు చాలావరకు తిరిగి వస్తుంది. ఆ మధ్యలో మళ్ళీ తుడిస్తే దూరం లెక్క వందకి తక్కువ చూపిస్తుంది, అదే మీకు జవాబు.

ఓనర్ నంబర్ ఇవ్వకపోతే, ఆయన్నే సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి హిస్టరీ తెప్పించమని కన్సల్టెన్సీ వాళ్ళని అడగండి. అది కూడా రాకపోతే నేనైతే కొనను, కారు ఎంత బాగున్నా సరే. అన్నీ సరిపోతే కొన్న ధరలో పదో వంతు పక్కన పెట్టుకుని దిగండి. గేర్‌బాక్స్ ఆయిల్, స్పార్క్ ప్లగ్గులు, బ్రేకులు, టైర్లు మొదటి ఏడాదిలోనే అడుగుతాయి.

శుక్రవారం ఫుల్ స్కాన్ రిపోర్ట్ వచ్చాక ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. ఛాసిస్ నంబర్, రిజిస్ట్రేషన్ నంబర్ చెరిపేసి పెట్టండి.