కె2-18బి మీద జీవ సంకేతం: అంత తొందరగా ప్రకటించడం సబబేనా?

ధ్రువతార: 124 కాంతి సంవత్సరాల దూరంలోని కె2-18బి గ్రహ వాతావరణంలో డైమిథైల్ సల్ఫైడ్ గానీ దానికి దగ్గరి మరో అణువు గానీ ఉండవచ్చని 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త నిక్కు మధుసూదన్ బృందం ప్రకటించింది. భూమి మీద ఆ వాయువు ప్రధానంగా సముద్రంలోని సూక్ష్మజీవుల వల్లే వెలువడుతుంది. ఫలితం త్రీ సిగ్మా స్థాయిది, అంటే 99.7 శాతం ఖాయం. ఇంతటి సంగతిని లోకానికి చెబితే తప్పేమిటి?

గణితాభిమాని: మీ 99.7 దగ్గరే చిక్కు ఉంది. ఆ అణువు అక్కడ లేకపోయినా కేవలం యాదృచ్ఛిక రొద వల్ల అంత బలమైన సంకేతం కనబడే అవకాశం 0.3 శాతమని త్రీ సిగ్మాకు అర్థం. అణువు ఉండే అవకాశం 99.7 శాతమని కాదు. పైగా అదే దత్తాంశాన్ని వేరే నమూనాలతో పరిశీలించిన ఇతర బృందాలకు గట్టి ఆధారం కనబడలేదు.

ధ్రువతార: ఎటు తిప్పి చెప్పినా 0.3 చిన్న సంఖ్యే కదండీ.

గణితాభిమాని: ఎటుపడితే అటు తిప్పకూడదనే నేను మొత్తుకుంటున్నది.

తోకచుక్క: 67పి తోకచుక్కలోనూ ఈ అణువు ఆనవాళ్లు దొరికాయి. అక్కడ ఏ సూక్ష్మజీవులు ఈదుతున్నాయో!

పాఠాల మాస్టారు: 2019లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు పరిశీలనల ఆధారంగా ఇదే గ్రహం మీద నీటి ఆవిరి దొరికిందన్నారు, నేనూ తరగతిలో ఉత్సాహంగా చెప్పాను. 2023లో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు ఫలితాలు వచ్చేసరికి మీథేన్, కార్బన్ డయాక్సైడ్ స్పష్టంగా కనబడ్డాయి గానీ నీటి ఆవిరి కనబడలేదు, 1.4 మైక్రాన్ల కాంతి తరంగదైర్ఘ్యం దగ్గర హబుల్‌కు దొరికిన గుర్తు మీథేన్‌దే కావచ్చన్నారు. అప్పటి నుంచి నేను ఏ కొత్త గ్రహం గురించి చెప్పినా పిల్లలు "ఇది ఎన్నాళ్లు ఉంటుంది సార్?" అని నవ్వుతున్నారు.

ధ్రువతార: అది పతాక శీర్షికలు పెట్టిన పత్రికల తప్పు. ఆవిష్కరణగా ఒప్పుకోవడానికి కావలసిన, ఇంకా కఠినమైన ఫైవ్ సిగ్మా స్థాయికి చేరాలంటే జేమ్స్ వెబ్‌తో మరో 16 నుంచి 24 గంటల పరిశీలన కావాలని ఆ బృందమే చెప్పింది.

పాఠాల మాస్టారు: అయితే ఆ గంటలు పూర్తయ్యేదాకా ఆగవచ్చు కదా?

ధ్రువతార: ఆగమనడం తేలిక. ఈ పరిశీలనకు ఆ గ్రహం తన నక్షత్రం ముందుకు రావాలి, అది 33 రోజులకు ఒకసారి మాత్రమే వస్తుంది, టెలిస్కోపు సమయం కోసం ఎందరో పోటీ పడతారు. జనం సొమ్ముతో నడిచే పరికరం కనిపెట్టినదాన్ని జనానికి తెలియకుండా కొందరు పండితులే తలుపులేసుకుని తేల్చుకోవాలా? మీకు అసలు జనం మీదే నమ్మకం లేదు!

పాఠాల మాస్టారు: పరిశోధనా పత్రాన్ని దాచమని నేననలేదు. పత్రం వేరు, విలేకరులను పిలిచి చెప్పడం వేరు. రెండోది చేసినప్పుడు సందేహమంతా పత్రంలోనే ఉండిపోయి, ఆశ ఒక్కటే బయటికి వస్తుంది. నాకు నమ్మకం లేనిది ఆ పద్ధతి మీద.

ధ్రువతార: ఫోమల్‌హాట్ బిని 2008లో గ్రహమన్నారు, అది చెదిరిపోతున్న ధూళి మేఘమని 2020లో వాదించినదీ బాహాటంగానే. శాస్త్రం అలాగే నడుస్తుంది.

పాఠాల మాస్టారు: 2008 నాటి మాట విన్నవారిలో 2020 నాటి మాట ఎందరి చెవిన పడిందో చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటాను.