వేవిళ్ళకు నిమ్మనూనె వాసన పనిచేస్తదా, మందే వాడాల్నా?

నకిరేకల్_నిమ్మ: నా పక్షం వాసనదే. ఇరాన్‌లో 100 మంది గర్భిణులతో చేసిన పరీక్ష 2014లో అచ్చయింది. దూది మీద 2 చుక్కల నిమ్మనూనె వేసి, ముక్కుకు 3 సెంటీమీటర్ల దూరంలో పట్టుకొని, ముక్కుతో 3 సార్లు గట్టిగా పీల్చాలె. తగ్గకుంటే 5 నిమిషాలు ఆగి మళ్ళీ. ఉత్త బాదం నూనె పీల్చినోళ్ళకన్నా రెండో రోజు, నాలుగో రోజు వికారం తక్కువుంది.

పాలమూరు_ఫార్మసిస్టు: అక్కా, చిక్కంతా ఆ పరీక్షలోనే ఉంది. మాత్రకైతే ఉత్త మాత్ర ఇచ్చి పోల్చొచ్చు, నిమ్మ వాసనను ఎట్ల దాస్తరు? ఎవరికి ఏది వచ్చిందో ముక్కుకు తెలిసిపోతది. 2012లో పుదీనా నూనెతో చూసిండ్రు: మంచం పక్కన నీళ్ళ గిన్నెల 4 చుక్కలు, 4 రాత్రులు. ఉప్పునీటి చుక్కలకన్నా చెప్పుకోదగ్గ తేడా రాలే. వికారానికి పెద్ద కారణం మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చే జీడీఎఫ్15 హార్మోన్ అని 2023లో తేలింది. దాన్ని దూది ఆపదు. విటమిన్ బి6 10–25 మిల్లీగ్రాములు రోజుకు 3, 4 సార్లు. చాలకుంటే డాక్సిలమిన్ కలిపిన మాత్ర, మత్తొస్తది గనక రాత్రిపూట. రెండూ డాక్టరు చీటీతోనే. మూడో నెల దాటేదాక మందే ముట్టొద్దని ఇంట్ల పెద్దలు భయపెట్టుడు నాకు అస్సలు నచ్చదు.

నకిరేకల్_నిమ్మ: మందుకు బదులని నేననలే తమ్మీ. హార్మోన్ కారణమే, కానీ పోపు వాసన తగిలిన క్షణాన కడుపుల తిప్పుతది. రాత్రి వేసుకున్న మాత్రతో పాటు ఆ నిమిషానికి ఏదో ఒకటి చేతిల ఉండాలె కదా?

దేవరకొండ_స్టాఫ్‌నర్సు: ఇద్దరి మాటా వింటున్న, కానీ చెడేది వాడే తీరులోనే. రూం ఫ్రెషనర్ సీసాను నిమ్మనూనె అనుకొని కొంటరు. తలుపులు మూసి, గదిల వాసన చిమ్మే డిఫ్యూజర్ గంటలు గంటలు నడిపిస్తరు. తలనొప్పి వచ్చి ఆ వాసన మీదనే ఏవగింపు పుడతది. చుక్క కూడా మింగొద్దు. పిండి తీసిన నిమ్మనూనె ఒంటికి పూసుకొని ఎండకు పోతే చర్మం కమిలి మచ్చ పడతది, మన ఎండకైతే చెప్పనక్కర లేదు. కర్పూరం, యూకలిప్టస్ నూనెలు చక్కెరల చుక్కలేసుకొని తీసుకునే అలవాటు కడుపుతో ఉన్నప్పుడు మానాలె. ఆస్తమా, మైగ్రేన్ ఉన్నోళ్ళు దూది జోలికి పోకుంటేనే మేలు.

నిజానికి సీసానే అక్కర్లేదు. నకిరేకల్ మార్కెట్ల దొరికే పచ్చి నిమ్మకాయ తొక్కను గోరుతో గీరితే అట్లాంటి నూనెనే పైకొస్తది. పొద్దున మంచం దిగకముందే రెండు బిస్కెట్లు, 15 నిమిషాలాగి లేవాలె. అన్నం వేడిగా కాకుండా చల్లారినంక తింటే వాసన తక్కువ.

కానీ 24 గంటలు నీళ్ళు కూడా నిలవకపోతే, 8 గంటలు మూత్రం రాకపోతే, బరువు 5 శాతం తగ్గితే, వాంతిల రక్తం కనిపిస్తే నిమ్మకాయ పక్కన పెట్టి ఆ రోజే దవాఖానకు పోవాలె. సెలైన్ ఎక్కించుడు అప్పుడు ఆలస్యం కావొద్దు.

పాలమూరు_ఫార్మసిస్టు: మేడం చెప్పిన తొక్కకు నా అభ్యంతరం లేదు. సీసాకు వందల రూపాయలు పెట్టుడుకే ఉంది.